గంతలు కట్టి గగనయానం

సర్కారు బడి పిల్లలు సైన్సులో ఎందుకు వెనకబడ్డారో ఇన్నాళ్ళకు తేలిపోయింది. ల్యాబు తాళం తుప్పు పట్టినందుకు కాదట. ఫిజికల్ సైన్స్ సారును పాఠం మధ్యలో ఆపి ఓటరు జాబితాలకూ సర్వేలకూ తిప్పినందుకూ కాదట. పాపం, వాళ్ళెవరూ ఇంతవరకు అంతరిక్షంలోకి వెళ్ళి రాలేదట! రోగం తెలిశాక మందు ఎంతసేపు? ఒక వ్యాను, కళ్ళకు కట్టుకునే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) పెట్టెలు ఓ ఇరవై, గాలి ఊదితే నిలబడే గుడారం, కంపెనీ పేరున్న టీషర్టులు వేసుకున్న ఇద్దరు కుర్రాళ్ళు. పిల్లకు ఐదు నిమిషాలు. ఆరో నిమిషానికి సైంటిస్టు తయారు.

ఈ వ్యాను న్యాల్‌కల్‌కు వచ్చిందనుకుందాం. కర్ణాటక సరిహద్దు మండలం, అవతల బీదరు. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ చెవిన పడుతూ పెరిగే పిల్లలు. వాళ్ళను హాజరు పట్టీ ప్రకారం నిలబెడతారు. ఒక్కొక్కరి తలకు పెట్టె బిగిస్తారు. లోపలి గొంతు ఆ మూడు భాషల్లో ఏదీ ఎరగదు కనుక ‘వెల్కమ్ టు మార్స్’ అంటుంది. “అన్నా, నాకు మసక మసక కొడ్తున్నది” అంటుంది ఓ పిల్ల. “అట్లనే ఉంటది చెల్లె, అంతరిక్షం గద” అంటాడు అన్న. ఆమె సరిగ్గా ఏదో చూడబోయే సమయానికి ఐదు నిమిషాలు అయిపోతాయి. నెక్స్ట్!

బయటికి రాగానే ఒక కాగితం. “మీకు స్ఫూర్తి కలిగిందా?” అని ప్రశ్న. “అవును”, “చాలా అవును” అని జవాబులు. సాయంత్రానికి నూటికి నూరుపాళ్ళు స్ఫూర్తి. ఇంత పాస్ పర్సంటేజీ ఏ కార్పొరేటు కాలేజీ కూడా ప్రకటించుకోలేదు.

మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. అధికారులూ నాయకులూ పిల్లలూ వరసగా నిలబడి, అందరూ పెట్టెలతో కళ్ళు మూసేసుకుని, నోళ్ళు తెరుచుకుని, మొహాలు పైకెత్తి ఉంటారు. పైన పట్టపగటి ఆకాశం ఉంటుంది. ఫొటోలో ఉన్నవాళ్ళలో దాన్ని చూస్తున్నవాడు ఒక్కడూ ఉండడు. గానుగెద్దుకు గంతలు కట్టేది అది ఉన్నచోటే తిరుగుతోందని దానికి తెలియకుండా ఉండడానికి. ఆ ఎద్దు తిరిగితే నూనెన్నా వస్తుంది.

పిల్లల ఆనందాన్ని వెక్కిరిస్తున్నానని కోప్పడకండి. ఆ కేరింతలు నిజమే. రంగులరాట్నం ఎక్కినా కేరింతలు కొడతారు. కానీ రాట్నం వాడు ఎన్నడూ “మేము భావి శాస్త్రవేత్తలను తయారు చేస్తున్నాము” అని బోర్డు పెట్టుకోలేదు. నా తగువంతా ఆ బోర్డుతో.

బోర్డు మాటను పరీక్షించినవాళ్ళు ఉన్నారు. 2018లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా శాఖలో జోస్లిన్ పరోంగ్, రిచర్డ్ మేయర్ కాలేజీ విద్యార్థులను తీసుకున్నారు. కొందరికి వీఆర్ పెట్టె కట్టి ఒంట్లోని రక్తప్రవాహంలో తిప్పారు. మిగతావాళ్ళకు అదే పాఠాన్ని మామూలు కంప్యూటరు మీద స్లైడ్లుగా చూపించారు. ఆసక్తి, ఉత్సాహం ఎవరికి ఎక్కువ అంటే పెట్టె వాళ్ళకే. తర్వాత పరీక్ష పెడితే మార్కులు ఎవరికి ఎక్కువ అంటే స్లైడ్ల వాళ్ళకు. 2019లో గీడో మక్రాన్‌స్కీ బృందం ఒక ల్యాబు సిమ్యులేషన్‌ను ఒకసారి పెట్టెలోనూ, ఒకసారి మామూలు తెర మీదా చూపించి పోల్చింది. అక్కడున్నామన్న భావన పెట్టెలో పెరిగింది, నేర్చుకున్నది తగ్గింది.

ఇప్పుడు మన వ్యాను వాళ్ళ కాగితం మళ్ళీ చూడండి. ఏది పెరుగుతుందో దాన్నే అడుగుతున్నారు. ఏది తగ్గుతుందో దాని జోలికే పోవడం లేదు. వీళ్ళకు ఆ పరిశోధనలు తెలియవని ఎవరన్నారు? చాలా బాగా తెలిసినవాళ్ళే ఇంత జాగ్రత్తగా ప్రశ్నపత్రం తయారుచేయగలరు.

పోనీ ఆ పెట్టెలోని ఆకాశం కలకాలం ఉంటుందా? గూగుల్ 2014లో అట్టముక్కలతో కార్డ్‌బోర్డ్ పెట్టె తెచ్చింది. మరుసటి ఏడాది ఎక్స్‌పెడిషన్స్ పేరుతో బడిపిల్లల కోసం లోకయాత్రలు మొదలుపెట్టింది. 2021లో ఆ యాప్‌నూ, పెట్టెల అమ్మకాన్నీ రెండింటినీ ఆపేసింది. అంగారకుడు మూతపడ్డాడు. ఇక వయసు సంగతి. మెటా కంపెనీ తన పెట్టెలకు మొదట పెట్టుకున్న హద్దు 13 ఏళ్ళు. 2023లో దాన్ని 10కి దించింది, అదీ తల్లిదండ్రుల అదుపులో ఉండే ఖాతాతోనే. మన దగ్గర మూడో తరగతి పిల్లకు కట్టేటప్పుడు ఈ ముక్క ఎవరికి గుర్తుంటుంది? అంతరిక్షంలో వయసేమిటి!

2016లో అమెరికాలో విమానాల కంపెనీ లాక్‌హీడ్ మార్టిన్ వాళ్ళు ఇంకో ఘనకార్యం చేశారు. బడి బస్సు కిటికీలకు తెరలు బిగించారు. బస్సు వాషింగ్టన్ వీధుల్లో తిరుగుతుంటే కిటికీల్లో అంగారకుడి ఎర్రనేల కదిలిపోతుంది. మలుపు తిరిగితే అంగారకుడూ మలుపు తిరుగుతాడు. ఎంత ఖర్చు! జహీరాబాద్ నుంచి బీదరు వెళ్ళే ఆర్టీసీ బస్సులో టికెట్టు కొని కిటికీ పక్కన కూర్చుంటే ఎర్రనేల రెండు వైపులా కదులుతుంది. మాట వరసకు అనడం లేదు. అంగారకుడు ఎర్రగా ఉన్నది ఇనుము తుప్పు పట్టినందుకు. న్యాల్‌కల్ చుట్టుపక్కల జేగురు నేల ఎర్రగా ఉన్నదీ అందుకే. దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ కింద దక్కను మీద పారిన లావా నల్లరాయిగా గడ్డకట్టి, వానకూ ఎండకూ చివికి చివికి, కరిగేవన్నీ కొట్టుకుపోయి ఇనుము మిగిలితే ఈ ఎర్రమట్టి అయింది. ఏ దిగుడుబావి గోడలో చూసినా, ఏ మొరం గుంతలో చూసినా ఆ కథంతా పొరలు పొరలుగా కనిపిస్తుంది. దాని మీద నిలబెట్టి, ఆ పిల్ల కళ్ళు మూసి, అంగారకుడి మట్టి ఎర్రగా ఉంటుందని చూపిస్తారు!

ఈ నేల విలువ విద్యాశాఖకు తెలియకపోయినా పరిశ్రమల శాఖకు తెలుసు. జహీరాబాద్ నిమ్జ్ (జాతీయ పెట్టుబడుల, తయారీ మండలి) కోసం న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో గీత గీసుకున్నది దాదాపు 12,600 ఎకరాలు. రేపు ఓ పిల్లవాడికి వాళ్ళ తాత చేను ఎట్లా ఉండేదో చూపించాలంటే వీఆర్ పెట్టె తప్ప వేరే దారి ఉండకపోవచ్చు. అప్పుడు కొనండి, నేను అడ్డురాను.

నేల సరే, ఆకాశం? ఎనిమిదో తరగతి భౌతికశాస్త్రం పుస్తకంలో కర్ర పాతి పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీడ కొలవమనే కృత్యం ఉంది. న్యాల్‌కల్ బడి ఆవరణలో ఓ కర్ర పాతండి. నీడ అన్నిటికంటే పొట్టిగా ఉండేది గడియారంలో పన్నెండుకు కాదు. మనందరి గడియారాలు కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖను బట్టి నడుస్తాయి. న్యాల్‌కల్ దానికి దాదాపు 5 డిగ్రీలు పడమట. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన సూర్యుడు ఇక్కడ నడినెత్తికి రావడానికి ఇంకో 20 నిమిషాలు పడుతుంది. ఇక్కడితో అయిపోలేదు. ఫిబ్రవరిలో కొలిస్తే 12.30 దాటుతుంది. నవంబరు మొదట్లో కొలిస్తే 12.05 కూడా కాదు. సూర్యుడికి ఈ తిక్క ఎందుకు? భూమి ఒరిగి ఉండడం, దాని దారి సరిగ్గా గుండ్రంగా లేకపోవడం, అన్నీ ఆ కర్ర నీడలోకి దిగివస్తాయి. గ్రహాల దారుల లెక్క తేల్చిన కెప్లరు దగ్గరికి పోవడానికి రాకెట్టు ఎందుకు, ముగ్గుపిండితో గీత గీసే పిల్ల చాలు.

ఏడాదికి రెండు రోజులు ఆ నీడ మధ్యాహ్నం పూట పూర్తిగా మాయమైపోతుంది కూడా. 18 డిగ్రీల అక్షాంశానికి కాస్త దిగువన ఉన్న ఈ ఊరికి ఆ ముచ్చట మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు ఒకటి అటూ ఇటూగా ఇంకోసారి. మేలో బడికి సెలవులు, ఆగస్టులో మబ్బులు. అకడమిక్ క్యాలెండరు చూసి రాలేదని సూర్యుడికి మెమో ఇవ్వాలి.

ఇక రాత్రి. టీషర్టు అన్నను ఊళ్ళో ఏ ముసలమ్మ దగ్గరన్నా కూర్చోబెట్టండి. “మిరుగం కార్తెల మిరుగం చుక్క ఏడుంటది బిడ్డా?” అని ఆమె అడగాలి. జూన్ మొదటివారం చివర మిరుగం వస్తుందనీ, ఆ తర్వాత విత్తనం పడుతుందనీ ఆమెకు తెలుసు. అన్న తన ఫోనులో వెతుకుతాడు. జవాబు ఏమిటంటే, మృగశిర కార్తెలో మృగశిర రాత్రిపూట కనబడదు! సూర్యుడు ఆ చుక్కల దిక్కున ఉన్నప్పుడే దాన్ని మృగశిర కార్తె అంటాం కనుక ఆ చుక్కలు పగటిపూట సూర్యుడితోపాటు తిరుగుతాయి. వాటిని చూడాలంటే డిసెంబరు సాయంత్రం తూర్పున గొల్లకావడి లేచేటప్పుడు దాని పక్కన చూడాలి. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోందని చెప్పడానికి ఇంతకంటే తేటైన పాఠం ఉందా? 27 కార్తెలు, ఒక్కోదానికి పదమూడు పద్నాలుగు రోజులు. ఈ మండలంలో సేద్యం చేసే ప్రతి ఇంట్లో ఈ సిలబసు సగం ఉంది. మిగతా సగం బడి చెప్పాలి. బడి మాత్రం పిల్లను గుడారంలోకి తోలి శనిగ్రహం వలయాలు చూపిస్తుంది.

నిజమైన వ్యోమనౌకే కావాలంటే అదీ ఉంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 400 కిలోమీటర్ల ఎత్తున, గంటన్నరకు ఒక చుట్టు చొప్పున తిరుగుతూ, వీలు కుదిరిన సాయంత్రాల్లో మన నెత్తి మీదుగా పెద్ద చుక్కలా జారిపోతుంది. పెట్టె అక్కర్లేదు, టికెట్టు అక్కర్లేదు. అందులో నిజం మనుషులు ఉంటారు. 2025లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా అందులోనే ఉండి వచ్చాడు. దాని నమూనాను చూడడానికి గుడారం ముందు క్యూ కట్టించే మనం, అసలుది పోతుంటే “లోపలికి రాండ్రి, మంచు పడ్తది” అంటాం.

ఈ తెలివి మనకు కొత్తగా వచ్చింది కాదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన నేల మీదుగానే పోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీకి దేశవిదేశాల శాస్త్రవేత్తలు వచ్చి చూశారు. మనవాళ్ళు తలుపులు మూసుకుని ఇళ్ళల్లో కూర్చున్నారు. జనం బయటికి రాకుండా దూరదర్శన్ హిందీ సినిమా వేసింది. ఆకాశంలో అసలు బొమ్మ ఆడుతుంటే పెట్టెలో బొమ్మ చూడడం మనకు అప్పటి నుంచే అలవాటు. అప్పుడు పెట్టె గోడ దగ్గర ఉండేది, ఇప్పుడు మొహానికి కట్టుకుంటున్నాం. ప్రగతి!

సిమ్యులేషన్లన్నీ దండగ అనను. 1986లో అమెరికా అంతరిక్ష నౌక చాలెంజర్ పేలిపోయాక, చనిపోయిన వ్యోమగాముల కుటుంబాలు వాళ్ళ పేరిట బోధన కేంద్రాలు పెట్టాయి. మొదటిది 1988లో హ్యూస్టన్‌లో. అక్కడ పిల్లలు సగం మంది నౌకలో, సగం మంది కంట్రోల్ రూములో కూర్చుంటారు. ఒకరికి కొలతలు, ఒకరికి లెక్కలు, ఒకరికి సందేశాలు. ఎవరు తప్పు చేసినా అందరూ ఆగిపోతారు. అక్కడ పిల్లకు పని ఉంది, పొరపాటు చేసే హక్కు ఉంది. మన వ్యాను పెట్టెలో పిల్ల చేయగలిగినది తల తిప్పడం ఒక్కటే. ఎటు తిప్పినా అంతా సరిగ్గానే ఉంటుంది. కర్ర దగ్గర మాత్రం నీడ కొస ఎక్కడుందో ఇద్దరు పిల్లలకు లెక్క కుదరదు, మబ్బు అడ్డం వస్తుంది, కర్ర వంకర పోతుంది, తగాదా పడి మళ్ళీ కొలుస్తారు. సైన్సు అనేది ఆ తగాదా పేరు.

కనుక విద్యాశాఖకు నాదొక కొటేషన్. మీటరు కర్ర ఒకటి, నిటారు చూడడానికి దారానికి కట్టిన రాయి ఒకటి, ముగ్గుపిండి కిలో, నోటు పుస్తకం ఒకటి. నెలకో రాత్రి బడి గేటు తెరవడం. సారును ఆ ఒక్క పని మీదే ఉండనివ్వడం. ఆకాశానికి వార్షిక నిర్వహణ ఒప్పందం అవసరం లేదు, సాఫ్ట్‌వేరు అప్‌డేట్లు ఉండవు.

ఇది ఒప్పుకోరని నాకు తెలుసు. ఈ పథకంలో లోపాలు ఉన్నాయి మరి. జీఎస్టీ బిల్లు రాదు. రిబ్బను కట్టడానికి చోటు లేదు. చీకట్లో ఫొటో పడదు. వీటన్నిటినీ ఎట్లాగో సర్దుకున్నా, సర్దుకోలేని లోపం ఇంకొకటి ఉంది. నీడ కొలిచిన పిల్ల “పన్నెండుకు ఎందుకు పొట్టిగ లేదు సార్?” అని అడుగుతుంది. తనిఖీకి వచ్చిన అధికారిని కూడా అడుగుతుంది. పెట్టె కట్టుకున్న పిల్ల ఎవరినీ ఏమీ అడగదు, “చాలా అవును” అని టిక్కు పెట్టి పోతుంది. కొనేవాళ్ళకు ఈ తేడా బాగా తెలుసు గనుకే పెట్టెలు కొంటున్నారు.