కుర్చీ వెనుక శాస్త్రం

శాస్త్రం రాయబోయేవాడు విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటినీ ముందే చెప్పాలని పెద్దల నియమం. చెప్పేస్తున్నాను. విషయం: హోటల్లో ఇంకొకరు కూర్చున్న కుర్చీ. ప్రయోజనం: బిర్యానీ. సంబంధం: కూర్చున్నవాడి వీపుకూ నిలబడ్డవాడి పొట్టకూ మధ్యనున్న జానెడు జాగా. అధికారి: ఆకలి నిండా ఉండి మొహమాటం బొత్తిగా లేనివాడు. మొహమాటస్తులు ఇంటికెళ్లి పెరుగన్నం తినవచ్చు. ఈ గ్రంథం వారికి పనికిరాదు.

ఈ శాస్త్రానికి క్షేత్రం హైదరాబాద్ పాతబస్తీ. మదీనా చౌరస్తా దగ్గర మొదలై, గుల్జార్ హౌజ్ మీదుగా చార్మినార్ చుట్టి, శాలిబండ దాకా పోతుంది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్‌కు నాలుగు దిక్కులా నాలుగు కమానులు పెట్టించాడు. జనం నాలుగు వైపుల నుంచీ వస్తారన్నది ఆయన ముందుచూపు. వచ్చినవాళ్లందరికీ ఒంటిగంటన్నరకు ఒకేసారి ఆకలేస్తుందన్నది ఆయన లెక్కలో ఉన్నట్టు లేదు. పత్తర్‌గట్టిలో పెళ్లిబట్టలు తీసినవాళ్లు, లాడ్‌బజార్‌లో గాజులు బేరమాడి గొంతెండినవాళ్లు, మినార్ ముందు ఫొటోలు దిగి అలసినవాళ్లు, అందరూ కలిసి ఆ నాలుగైదు హోటళ్ల మీదే పడతారు.

ఈ విద్య పుట్టిల్లు మాత్రం హైదరాబాద్ కాదు, మన పెళ్లి పందిరి. మొదటి బంతి పెరుగులోకి రాకముందే రెండో బంతి వాళ్లు కుర్చీల వెనుక బారులు తీరి నిలబడతారు. మామిడికాయ పప్పు ఇంకోసారి వేయించుకోబోయిన పెదనాన్న వెనక్కి తిరిగి చూసి, "చాలు బాబూ, చాలు" అంటాడు. అక్కడ నేర్చిన విద్యకే ఇక్కడ డబ్బులిచ్చి పరీక్ష రాస్తున్నాం.

ఇక్కడ ఒక పూర్వపక్షం ఉంది. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి జేబురుమాలు వేస్తే సీటు మనదైనప్పుడు, హోటల్లో మాత్రం ఎందుకు కాదు? సమాధానం: రుమాలు న్యాయం ఖాళీ సీటుకే వర్తిస్తుంది. మనిషి కూర్చుని నహారీలో నాన్ ముంచుకుంటున్న కుర్చీ మీద రుమాలు వేయాలంటే అతని ఒళ్లోనే వేయాలి. దానికి ఫలితం వేరుగా ఉంటుంది. అందుకే ఇక్కడ రుమాలుకు బదులు మన శరీరాన్నే వేయవలసి వస్తుంది.

దాన్ని ఎక్కడ వేయాలన్న దగ్గర పండితులు రెండుగా చీలారు. వెనుకవాదులు కుర్చీ వీపు మీద చెయ్యి ఆనించి నిలబడతారు. హక్కు స్పష్టంగా కనిపించడం అందులో లాభం. తినేవాడికి చెవి పక్కన మన ఊపిరి వినిపించడం నష్టం. పక్కవాదులు రెండడుగుల దూరంలో, గోడ మీది మెనూ చదువుతున్నట్టు నటిస్తూ ఓరకంటితో ప్లేటును కనిపెట్టి ఉంటారు. మర్యాదస్తుల పక్షమే, కానీ మెనూ చివరి వరస చేరేలోగా వెనుకవాది కూర్చుని ఉల్లిపాయ ముక్క కొరుకుతుంటాడు. నా ఓటు వెనుకవాదులకే. కుర్చీ మీద చెయ్యి మాత్రం వేయను, వేలు ఆనిస్తాను.

ఇక అసలు ఘట్టం. కుర్చీ ఖాళీ కాబోతోందని తెలిసేదెలా? తార్కికులు చెప్పిన నాలుగు ప్రమాణాలూ ఇక్కడ పనికొస్తాయి. ప్రత్యక్షమంటే ప్లేటు. ఎముకలు ఒక పక్కకు చేరి, మిర్చీ కా సాలన్ గిన్నె అడుగు కనిపించిందంటే ఘడియలు దగ్గరపడ్డాయి. అనుమానమంటే పొగను చూసి నిప్పును ఊహించడం లాంటిది. దీనికొక సూత్రం ఉంది: సోంపు వస్తే సగం కుర్చీ మనది. మిగతా సగం బిల్లు ఎవరు కట్టాలన్న తగాదాలో ఉంటుంది. నలుగురు మిత్రులు "నేనిస్తా, నేనిస్తా" అని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటే ఇంకో పది నిమిషాలు ఆగాల్సిందే. ఇలాంటి మిత్రబృందాల వెనుక నిలబడకూడదు. ఒంటరిగా, పేపరు చదవకుండా, గబగబా తినే ఉద్యోగి వెనుక నిలబడాలి.

ఉపమానం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పక్క బల్ల ఎంతసేపట్లో లేచిందో చూసి దీన్నీ లెక్కగట్టడం, లెక్క తప్పడం, అంతే. నాలుగోది శబ్ద ప్రమాణం, అంటే ఆప్తవాక్యం. ఇక్కడ ఆప్తుడు సర్వరు. ఆయన "పాంచ్ మినట్, భాయ్" అంటాడు. ఆ మాట ప్రమాణమా కాదా అన్నది ఇంతవరకూ తేలలేదు. ఆ అయిదు నిమిషాలు మనవి కావనీ, హోటలువారి సొంత కాలమానంలోవనీ కొందరు సమన్వయం చేస్తారు.

హేత్వాభాసాలూ ఉన్నాయి. అన్నిటికన్నా ప్రమాదకరమైనది చెయ్యి కడుక్కోవడం. మనిషి లేచాడు, కొళాయి దగ్గరికి వెళ్లాడు, మనం కుర్చీ లాగాం. ఆయన తడిచేత్తో తిరిగొచ్చి, "ఛాయ్ చెప్పాను బ్రదర్" అంటాడు. చెయ్యి కడిగినంత మాత్రాన భోజనం ముగిసినట్టు కాదు. జేబులోంచి దువ్వెన తీస్తేనే ముగిసినట్టు.

ఎవరి బిర్యానీ గొప్పదన్న ప్రశ్న ఈ గ్రంథంలోకి రాదు. దానికి వేరే శాస్త్రం ఉంది, వేరే శత్రువులున్నారు. మదీనా దగ్గర షాదాబ్‌లో ఆదివారం మధ్యాహ్నం నిలబడినవాడికి ఈ శాస్త్రం వంటబడుతుందని మాత్రం చెప్పగలను.

ఇప్పుడు పెద్ద పూర్వపక్షం. ఇంత తపస్సు దేనికి? కుర్చీలే లేని చోట తింటే పోలేదా?

ఈ వాదంలో బలముంది. గుల్జార్ హౌజ్ దాపున గోవింద్ బండి దగ్గర పొద్దున్నే చూడండి. పెనం మీద వెన్న కరుగుతుంటుంది, కారప్పొడి పడుతుంది, ఇడ్లీలు ఆ ఎర్రటి వెన్నలో పొర్లి తవ్వా ఇడ్లీలవుతాయి. చుట్టూ మూగినవాళ్లకు ఒక్క కుర్చీ కూడా లేదు, ఒక్క ఫిర్యాదూ లేదు. ఎవరి వెనుక ఎవరు నిలబడ్డారన్న లెక్కే రాదు, అందరూ పెనం వైపే తిరిగి ఉంటారు. రంజాన్ నెల సాయంత్రాల్లో హలీమ్ దగ్గరా ఇంతే. గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి గంటల తరబడి డేగ్‌లో ఉడుకుతుంటే, పెద్ద కర్రలతో దంచి దంచి ఏది గోధుమో ఏది మాంసమో తెలియకుండా చేస్తారు. 2010లో హైదరాబాద్ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు దక్కింది. దాన్ని నమలడానికి పళ్లతోనే పని లేనప్పుడు కుర్చీతో ఏం పని? పైన వేయించిన ఉల్లిపాయలు, కాస్త నిమ్మరసం, చేతిలో చెంచా, నెత్తిన ఆకాశం.

నిలబడి తినేవాళ్ల పీఠం మాత్రం చార్మినార్ పక్కనే ఉన్న నిమ్రా. అక్కడి ఇరానీ ఛాయ్ ఆలస్యపు విద్య. డికాక్షన్ వేరుగా, మూతపెట్టిన పాత్రలో సన్నటి సెగ మీద మరుగుతూ ఉంటుంది. పాలు వేరుగా కాగి చిక్కబడుతుంటాయి. రెండూ కలుసుకునేది కప్పులోనే. దాంతో ఉస్మానియా బిస్కెట్టు, కాస్త తీపి, కాస్త ఉప్పు. చివరి నిజాం పేరు మోస్తున్నా టీలో ఎక్కువసేపు నిలబడే శక్తి దానికి లేదు.

ఇక్కడే శాస్త్రంలో ఒక చిక్కుంది. ఎడమ చేతిలో సాసరూ కప్పూ, కుడి చేతిలో బిస్కెట్టు. ఎదురుగా చార్మినార్. ఫొటో తీసేదెవరు? బిస్కెట్టును నోట కరిచి ఫోను తీయడం ఒక సంప్రదాయం. పక్కవాడి చేతికి కప్పివ్వడం ఇంకొకటి, దానికి పక్కవాడి శీలం తెలిసి ఉండాలి. మూడో సంప్రదాయం వాళ్లు ఫొటో తీయరు. వాళ్లు పాతబస్తీ వాళ్లే, ఆ కట్టడం రోజూ అక్కడే ఉంటుందని వాళ్లకు తెలుసు.

కాబట్టి సిద్ధాంతం ఇలా తేలింది. ఈ పేటలో ఎక్కడికి పోయినా నిలబడక తప్పదు. కుర్చీలున్న చోట చేతులు కట్టుకుని నిలబడతాం, లేనిచోట చేతిలో ఏదో ఒకటి పట్టుకుని నిలబడతాం. ఆకలి మరీ ఎక్కువైతే రెండో పక్షం, వెంట అత్తమామలుంటే మొదటి పక్షం. అత్తగారిని నిలబెట్టి హలీమ్ తినిపించిన అల్లుణ్ణి శాస్త్రం కాపాడలేదు.

చివరి అధ్యాయం ఆసనసిద్ధి తర్వాతి ధర్మం గురించి. ఎట్టకేలకు మనకు కుర్చీ దొరికింది. తిన్నాం. ఎముకలు పక్కకు చేరాయి, సాలన్ గిన్నె అడుగు కనిపిస్తోంది. చెవి వెనుక ఎవరిదో ఊపిరి. తిరిగి చూస్తే చంకలో పిల్లాడు, చేతిలో గాజుల సంచీ, కళ్లలో వెనుకవాదం. ఇప్పుడు ఖుబానీ కా మీఠా చెప్పవచ్చునా? ప్రాచీనులు కూడదంటారు. చెప్పవచ్చునని నవీనులు. పిల్లాణ్ణి మన ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పాలని మధ్యేవాదులు.

నేను నవీనుణ్ణి. పైన మలాయి కూడా వేయమంటాను.