‘పెళ్లయ్యాక అన్నీ సర్దుకుంటాయి’ అంటే నమ్మకండి

తాంబూలాలు మార్చుకున్న మర్నాటి నుంచి అబ్బాయికీ అమ్మాయికీ సలహాలు మొదలవుతాయి. చెప్పేవాళ్లు ప్రేమతోనే చెబుతారు. కానీ ఆ సలహాల్లో చాలావాటి సారాంశం ఒక్కటే: ‘ఇప్పుడేమీ అడక్కండి’. అడగాల్సినవి అడగడానికి మూడుముళ్లకు ముందున్న ఈ రోజులే తగినవి. కాబట్టి కింది సలహాలు ఎవరిచ్చినా వినకండి.

1. ‘వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయాలి’

ఈ సామెత అండతోనే జీతాలు పెరుగుతాయి, మొదటి పెళ్లిళ్లు మాయమవుతాయి, రోజూ వేసుకునే మందులు బీరువాలోకి వెళ్తాయి. ముఖ్యమైన సంగతి దాచి మోసంతో ఒప్పించిన పెళ్లిని రద్దు చేయమని కోరే హక్కు 1955 నాటి హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్‌లో ఉంది. మోసం బయటపడిన ఏడాదిలోగా కోర్టుకు వెళ్లాలి. చట్టం దాకా పోనక్కర్లేదు. దాచిన జబ్బు కంటే దాచారన్న బాధే కాపురాన్ని ఎక్కువ కుంగదీస్తుంది. మీ సంగతి మీరే, ముందే చెప్పండి.

2. ‘పెళ్లి చేస్తే వాడే దారికొస్తాడు’

తాగుడు వ్యసనమైందంటే అది జబ్బు. బెట్టింగ్ యాప్‌లలో జీతమంతా పోగొట్టుకోవడమూ అంతే. జబ్బుకు వైద్యం చేయాల్సింది డాక్టరు. కొత్తగా వచ్చిన కోడలి మీద ఆ బరువు పెట్టడం అన్యాయం. ముందు చికిత్స, కుదుటపడ్డాక ముహూర్తం.

3. ‘డబ్బు సంగతి ఎత్తితే ఏమనుకుంటారో’

కట్నం అడగడానికి లేని మొహమాటం అప్పుల గురించి అడగడానికి ఎందుకు? వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. కట్నం ఇచ్చినా పుచ్చుకున్నా కనీసం అయిదేళ్ల జైలుశిక్ష అని ఇప్పుడది చెబుతోంది. అడగకూడనిది అదీ. అడగాల్సినవి వేరే ఉన్నాయి: ఇంటి లోను ఎంత, ఈఎంఐ ఎన్నేళ్లు, చిట్టీ ఎవరి పేరున ఉంది, చెల్లెలి పెళ్లి బాధ్యత ఎవరిది? అమ్మాయి తన జీతంలోంచి కన్నవాళ్లకు నెలనెలా పంపుతానంటే అబ్బాయి మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాడా? ఈ చివరి ప్రశ్నను అస్సలు వదలకండి.

4. ‘జాతకాలు కలిశాయిగా, రక్తపరీక్ష ఎందుకు?’

తలసీమియా జన్యువు ఉన్నవాళ్లు చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటారు. భార్యాభర్తలిద్దరిలోనూ అది ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. తీవ్రమైన తలసీమియాతో పుట్టిన బిడ్డకు క్రమం తప్పకుండా రక్తం ఎక్కిస్తూనే ఉండాలి. మేనరికాల్లో ఇద్దరికీ ఒకే లోపం వంశపారంపర్యంగా వచ్చే అవకాశం ఎక్కువ. మేనమామ, మేనకోడలి సంబంధంలో ఇంకా ఎక్కువ. సైప్రస్‌లో పెళ్లికి ముందు పరీక్ష ఆనవాయితీ చేసి, గర్భస్థ పరీక్షలూ తోడయ్యాక, ఈ జబ్బుతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష ఇద్దరూ చేయించుకోండి.

5. ‘అమెరికా వెళ్లాక ఉద్యోగం చూసుకోవచ్చులే’

హెచ్‌-1బి వీసా మీదున్న భర్త దగ్గరికి హెచ్‌-4 వీసా మీద వెళ్లే అమ్మాయికి ఉద్యోగం చేసే హక్కు దానంతటదే రాదు. 2015 నుంచి కొందరికి అనుమతి ఇస్తున్నా, అది ప్రధానంగా భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఐ-140 అనే దరఖాస్తుకు ఆమోదం పొందిన వాళ్లకే. ఇక్కడ మంచి ఉద్యోగం మానేసి వెళ్లే అమ్మాయి ఈ ఒక్క విషయం ముందే అడిగి తెలుసుకోవాలి. ఆమోదం వచ్చేదాకా ఏం చేయాలో ఇద్దరూ కలిసి అనుకోవాలి.

6. ‘రోజూ ఫోన్లో మాట్లాడుకుంటున్నారుగా, కౌన్సెలింగ్ దేనికి?’

నిశ్చితార్థం తర్వాతి ఫోన్లలో ఇద్దరూ ఒకరికొకరు నచ్చాలనే చూస్తారు. వేరు కాపురమా, అత్తమామలతోనా, పిల్లలు ఎప్పుడు, కోపం వస్తే ఎన్నాళ్లు మాట్లాడకుండా ఉంటావు వంటి మాటలు అక్కడ జారిపోతాయి. కౌన్సెలర్ ఇద్దరితో విడివిడిగా, తర్వాత కలిపి మాట్లాడి వాటిని బయటికి తెస్తారు. తీర్పు చెప్పడం వాళ్ల పని కాదు. గొడవ పడుతున్నా ఎదుటివాళ్లను కించపరచకుండా మాట్లాడటం ఎలాగో నేర్పుతారు. క్యాథలిక్ చర్చిల్లో పెళ్లికి ముందు తరగతులు ఎప్పటినుంచో ఉన్నాయి. మిగతావాళ్లకూ ఆ అవసరం తక్కువేం కాదు. క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి.

అన్నీ మాట్లాడుకున్నాక ఇద్దరిలో ఒకరికి ఈ పెళ్లి వద్దనిపిస్తే? అది పరువు తక్కువ కాదు. ఇచ్చిపుచ్చుకున్న తాంబూలాలు వెనక్కి ఇచ్చుకోవచ్చు. పెళ్లయ్యాక విడిపోవాలంటే మామూలుగా మొదటి ఏడాది విడాకుల పిటిషన్ వేయడానికే చట్టం ఒప్పుకోదు. అందుకే కల్యాణమండపానికి అడ్వాన్సు కట్టకముందే, శుభలేఖలు అచ్చుకు ఇవ్వకముందే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. పెద్దలారా, వాళ్లిద్దరినీ పంపండి, మీరు మాత్రం గది బయటే కూర్చోండి.