సీసా పట్టిన పెద్దమనిషి

హుగ్లీ పడమటి గట్టున, హౌరాలో భాగమైన షాలిమార్ పేరు చాలామంది తెలుగువారికి 2022లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ అక్కడి నుంచి బయలుదేరడం మొదలయ్యాకనే పరిచయమైంది. అయితే వాల్తేరు డివిజన్ కూడా 2003 వరకు షాలిమార్ ఉన్న ఆగ్నేయ రైల్వేలోనే ఉండటం చేత, శ్రీకాకుళం, విజయనగరం వైపుల నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి, పదవీ విరమణ తరువాత కూడా ఆ దరిదాపుల్లోనే నిలిచిపోయినవారిలో ఒక ప్రత్యేక తెగను గుర్తించవచ్చు; నెలలు నిండని దూడకు సీసాతో పాలు పట్టే పెద్దమనిషి ఆ తెగకు చెందినవాడు.

ఇతనికి సొంత ఆవు ఉండదు. పాలవ్యాపారుల పశువుల పాకలను అక్కడ ఖటాల్ అంటారు. పశువులను హరిణఘాటకు తరలించే ప్రభుత్వ పథకాన్నీ, హైకోర్టు తొలగింపు ఆదేశాలనూ తట్టుకొని ఏదో సందులో మిగిలిన ఖటాల్‌కు ఇతడు చెంబుతో వెళ్లే ఖాతాదారు మాత్రమే. ఆవు చూడి సుమారు 280 రోజులు కాగా, దానికి మూడు నాలుగు వారాల ముందే పుట్టిన దూడ, అందులోనూ కోడెదూడ, వ్యాపారి లెక్కలో దండగ పద్దు. పొట్టి వెంట్రుకలతో, చిగురు దాటని పళ్లతో, నిలబడలేక పడివున్న ఆ జీవిని చూసిన పెద్దమనిషికి మాత్రం మళ్లీ ఉద్యోగం దొరికినట్లే.

తొలి సంఘర్షణ ముర్రుపాల దగ్గర వస్తుంది. ఈనిన వెంటనే వచ్చే ఈ చిక్కటి పాలలోని రక్షక పదార్థాలను దూడ పేగు ఒక్కరోజు దాటితే ఇక పీల్చుకోలేదు కనుక, తొలి ఆరు గంటల్లోపే, దూడ బరువులో దాదాపు పదోవంతు పాలు దానికి అందాలి. వీధిలోని తెలుగు గృహిణులకు మాత్రం అవి జున్నుపాలు. ఏళ్ల తరబడి జున్ను కోసం అందరికన్నా ముందు గిన్నె పంపిన మనిషే ఇప్పుడు వాటికి కాపలాదారు అవుతాడు. "ఒక్క గ్లాసే కదా బాబూ, పిల్లలు అడుగుతున్నారు" అన్నవారికి, "ఇవి కోటా పాలమ్మా, వెయిటింగ్ లిస్టు కూడా లేదు" అన్న జవాబు వస్తుంది.

పాలు 39 డిగ్రీల వేడిలో ఉండాలని తెలిసిన మరుక్షణం ఇంట్లోని జ్వరం థర్మామీటరు మాయమవుతుంది. మెడ కొంచెం పైకి చాచి చీకినప్పుడు అన్ననాళం చివరి గాడి మూసుకొని, పాలను మొదటి పొట్టలోకి పోనీయకుండా నాలుగో పొట్టకు చేరుస్తుంది; లూప్ లైనులో పడకుండా బండి మెయిన్ లైనులో పోవడమే ఇదని అతడు ఖటాల్ యజమానికి హిందీలో వివరిస్తాడు. హాస్యాస్పదమైన ఈ హడావుడిలో పెద్ద తప్పేమీ లేదని ఒప్పుకోక తప్పదు. చీకలేని దూడ నోట్లో పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుందని, ముందుగా వేలు చీకించి చూసే ఓపిక అతనికి నిజంగానే ఉంది. కొద్దికొద్దిగా, రోజుకు నాలుగైదు సార్లు పట్టిన పాలు పాత డైరీలో "రైట్ టైమ్" అనో, "పది నిమిషాలు లేటు" అనో నమోదవుతాయి. జనవరి చలిలో దూడకు గోనెపట్టా, బల్బు వెచ్చదనం, చివరికి భార్య శాలువా కూడా దక్కుతాయి. అతనికి మంకీ క్యాప్ మిగులుతుంది. సొంత పిల్లలకు ఏనాడైనా సీసా పట్టారా అని ఆమె అడిగితే, అప్పట్లో నైట్ డ్యూటీలని సమాధానం.

దూడ బలపడి బకెట్లో మూతి పెట్టి తాగడం నేర్చిన రోజున అందరూ సంతోషిస్తారు. పెద్దమనిషి మాత్రం కడిగిన సీసాను గుడ్డతో తుడుస్తూ, పక్క సందులోని ఖటాల్‌లో చూడి ఆవులెన్ని ఉన్నాయో విచారించడం మొదలుపెడతాడు.