చిన్న కుక్క పొట్ట: టీకా తాత్పర్య సహితం

చిన్న కుక్క పొట్ట చెడిన వేళలయందు
చల్లనైన కూటఁ జల్లు పొడిని
మేలు సేయు పురుగు మెతుకుతో దిగి లోన
కలఁత మాన్పి తాను కదలి పోవు

టీక: చిన్న కుక్క = పది కిలోల లోపు తూగే శునకం యొక్క; పొట్ట = కడుపు, పేగులు; చెడిన వేళలయందు = విరేచనాలు పట్టుకున్నప్పుడు; చల్లనైన = వేడి లేని; కూటన్ = అన్నంలో; పొడిని = ప్రొబయాటిక్ చూర్ణాన్ని; చల్లు = చల్లుము; మేలు సేయు పురుగు = హితం చేసే సూక్ష్మజీవి; మెతుకుతో = మెతుకుతో పాటు; లోనన్ దిగి = పేగులోకి చేరి; కలఁత = అలజడిని; మాన్పి = పోగొట్టి; తాను = ఆ సూక్ష్మజీవి; కదలి పోవు = వెళ్లిపోవును.

తాత్పర్యం: చిన్న జాతి కుక్కకు పొట్ట పాడైతే చల్లారిన అన్నంలో ప్రొబయాటిక్ పొడి కలిపి పెట్టాలి. అందులోని సూక్ష్మజీవులు పేగుల్లోకి దిగి, పని ముగించుకుని బయటికి పోతాయి.

విశేషాలు: ఇది ఆటవెలది. "చిన్న" అన్నది పాదపూరణానికి వేసిన విశేషణం కాదు. మూడు కిలోల పమేరియన్‌కూ ముప్పై కిలోల లాబ్రడార్‌కూ ఒకే రోజు విరేచనాలు పట్టుకుంటే ముందు డస్సిపోయేది పమేరియనే. దాని ఒంట్లో నీటి నిల్వ తక్కువ. మరీ చిన్న జాతుల కూనలు తిండి మానేస్తే కొన్ని గంటల్లోనే రక్తంలో చక్కెర పడిపోయి తూలిపోతాయి. (మన వీధుల్లో పమేరియన్ అనిపించుకునేవాటిలో చాలామటుకు ఇండియన్ స్పిట్జ్ జాతివి. టీకకు అందువల్ల లోటు లేదు.)

"చెడిన" అన్నాడే గాని ఎందుకు చెడిందో కవి చెప్పలేదు. వ్యాఖ్యాత చెప్పక తప్పదు. మేతను ఒక్కసారిగా మార్చడం ఒక కారణం. పాత మేతలో కొత్తదాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ వారం రోజుల్లో మార్చాలి. రెండో కారణం, ఒడిలో కూర్చునే కుక్కకు ఇంటిల్లిపాది తిండీ అందడం. కుక్కకు సారమేయమన్న పేరు దేవతల కుక్క సరమ సంతతి కావడం వల్ల వచ్చింది. సత్రయాగం దగ్గర జనమేజయుని తమ్ముళ్లు సారమేయుణ్ణి కొట్టినప్పుడు, తన బిడ్డ హవిస్సును ముట్టలేదు, చూడనైనా లేదు అని సరమ వాదించినట్టు భారతం ఆదిపర్వం చెబుతుంది. నేటి సారమేయాల తరఫున ఆ వాదం చేయడం కష్టం. నెయ్యి, మాంసం కొవ్వు ఎక్కువైతే క్లోమం వాచే ప్రమాదం ఉంది. మినియేచర్ ష్నాజర్ వంటి చిన్న జాతులకు ఆ ముప్పు మరీ ఎక్కువ.

"చల్లనైన" అన్నచోట "వేడియైన కూటఁ జల్లు పొడిని" అని పాఠాంతరం ఊహించేవారుంటారు. అది గ్రాహ్యం కాదు. వే-జలకు యతి కుదరదు, పొగలు కక్కే అన్నంలో సూక్ష్మజీవి బతకదు. యతిభంగం, జీవభంగం రెండూ ఒక్కసారే.

ఇక్కడే శ్లేష. చల్ల అంటే మజ్జిగ కూడా కనుక "చల్లనైన కూడు" పెరుగన్నమే అని అమ్మమ్మల సంప్రదాయం. దీన్ని తోసిపుచ్చడానికి లేదు. 1905లో జెనీవాలో స్టామెన్ గ్రిగొరోవ్ అనే బల్గేరియన్ విద్యార్థి తమ ఊళ్ల పెరుగులోని బ్యాక్టీరియాను గుర్తించాడు. ఆ పెరుగు దీర్ఘాయువునిస్తుందని రష్యన్ శాస్త్రవేత్త మెచ్నికోవ్ ప్రచారం చేశాడు. (ఆయనకు 1908లో నోబెల్ వచ్చింది, అయితే అది రోగనిరోధక శక్తి మీద పరిశోధనకు.) పాలు పడని కుక్కకూ కాస్త పెరుగు పడవచ్చు. తోడుకునేటప్పుడు పాలలోని లాక్టోజ్ కొంత ఆమ్లంగా మారిపోతుంది. కాకపోతే పెరుగులో ఏ సూక్ష్మజీవి ఎంత ఉందో ఏ ఇంటి తోడూ చెప్పలేదు. చిన్న కుక్కకు ఒక చెంచా చాలు. పెరుగన్నం అంటే తాలింపు వేసిన దద్దోజనం అని అర్థం చెప్పరాదు. అందులో పడే కిస్‌మిస్ కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను పాడుచేస్తాయి. దుకాణంలో దొరికే తీపి యోగర్ట్‌లో జైలిటాల్ ఉంటే అది కుక్కకు విషమే.

"పొడి" అన్న మాట మందుల షాపు సంప్రదాయానికి ఆధారం. కుక్కల కోసం చేసే పొట్లాల్లో ఎక్కువగా కనబడేది ఎంటరోకాకస్ ఫీషియం. బిఫిడోబ్యాక్టీరియం జాతివీ ఉంటాయి. శాకరోమైసిస్ బౌలార్డీ మాత్రం ఈస్ట్. బ్యాక్టీరియాను చంపే యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయదు. తక్కిన పొడులను యాంటీబయాటిక్‌కు రెండు గంటలు ఎడంగా ఇవ్వాలి. పొట్లం మీద సంఖ్య కోట్లలో ఉంటుంది, అది బతికున్న జీవుల లెక్క. ఆ లెక్కను యథాతథంగా నమ్మడానికి లేదు. కెనడాలో 2011లో వెలువడిన ఒక పరిశీలనలో చాలా ఉత్పత్తులు లేబుల్ మాట నిలబెట్టుకోలేదు. ఎండలో పెట్టిన డబ్బా అయితే చెప్పనక్కర్లేదు.

శంక: "పురుగు" అన్నాడు గదా, కడుపులో పురుగులకు మందు వేయిస్తూ మళ్లీ పురుగులు పెట్టడమేమిటి? సమాధానం: అవి నట్టలు, ఏలికపాములు. ఇవి కంటికి కనబడనివి. అందుకే "మేలు సేయు" అన్న విశేషణం. తగినంత మోతాదులో ఇచ్చినప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులే ప్రొబయాటిక్‌లని 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు నిర్వచించారు. కవి మూడక్షరాల్లో తేల్చిన "పురుగు"కు నిపుణులకు ఒక వాక్యం పట్టింది. మేలు ఎంత అన్నది వేరే మాట. మామూలు విరేచనాలు చాలామటుకు వాటంతటవే తగ్గుతాయి. కొన్ని పరీక్షల్లో ఈ పొడి వాటిని కాస్త ముందుగా తగ్గించింది, మరికొన్నింటిలో తేడా కనబడలేదు. కాబట్టి "కలఁత మాన్పి" అన్నది అతిశయోక్తి.

"కదలి పోవు" చోట "కుదురుకొనును" అని దిద్దుదామా అంటే క-కులకు యతి చెల్లదు, శాస్త్రమూ ఒప్పదు. ఇచ్చిన సూక్ష్మజీవి సాధారణంగా పేగుల్లో కాపురం పెట్టదు. పొడి ఆపిన కొన్నాళ్లకు మలంలో దాని జాడ ఉండదు. అక్కడ ఉన్నన్నాళ్లూ చెడ్డ బ్యాక్టీరియాకు తిండీ చోటూ దొరక్కుండా అడ్డుపడుతుంది.

పద్యం వర్తించని చోట్లున్నాయి. మలంలో రక్తం, ఆగని వాంతులు, తడి ఆరిన చిగుళ్లు, లేవలేని నీరసం కనబడితే అది పద్యవిషయం కాదు, పశువైద్యుని విషయం. టీకాలు పూర్తికాని కూనకైతే పార్వో వైరస్ అనుమానించాలి. 1978 నుంచి ప్రపంచమంతా పాకిన ఆ వ్యాధికి పొడి మందు కాదు. ఆ చోట టీక కంటే టీకా ముఖ్యం.

ఫలశ్రుతి: పశువైద్యులు వాడే ఒక పట్టికలో మలానికి 1 నుంచి 7 వరకు మెట్లున్నాయి. 1 రాయిలా గట్టిది, 7 నీళ్లు. ఎత్తితే ఆకారం చెడకుండా, నేలకు అంటకుండా వచ్చే 2వ మెట్టు ఫలసిద్ధి.