చావు లెక్క తెలియని అద్దెదారు గారికి

మహారాజశ్రీ అటాక్సియా టెలాంజియెక్టేషియా అనే జబ్బు గారికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం ఆనవాయితీ. తమరు మా అక్కయ్య ఇంట్లో దిగాక ఆ మాట రాయడానికి చేయి రావడం లేదు.

ముందుగా మీకు జరిగిన మర్యాదలు మనవి చేస్తాను. పదకొండో క్రోమోజోము మీద ఏటీఎం అనే జన్యువులో తరతరాలుగా చోటిచ్చాం. ఒక కాపీ చెడినా రెండోది పని నడిపేది కనుక మీరున్నట్టే ఎవరికీ తెలియలేదు. ఆపైన పెద్దలు మేనరికం కుదిర్చి, చెడిన కాపీలు రెండూ ఒకే పిల్లవాడికి చేరేలా చేశారు. ఇంతకన్నా ఆదరణ ఎక్కడ దొరుకుతుందండీ?

ప్రతిఫలంగా తమరు చేసిందేమిటి? వాడు నడక నేర్చిన నాటి నుంచి తూలుతుంటే కాళ్లకు బలం లేదనుకున్నారు. కంటి తెల్లగుడ్డు మీద ఎర్రటి సన్నని గీతలు పాకితే కండ్లకలకని చుక్కలు వేశారు. అది మీ చేవ్రాలట! ఒక్క చెడ్డ కాపీ మోస్తున్న అక్కయ్యకు రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచడం మీరిచ్చే అద్దె కాబోలు.

అసలు ఫిర్యాదు రేడియేషన్ సంగతి. కిరణం తగిలి డీఎన్‌ఏ రెండు పోగులూ తెగితే, ఏటీఎం ప్రోటీన్ పసిగట్టి పీ53 అనే మరో ప్రోటీన్‌కి కబురంపాలి. పీ53 కణాన్ని ఆపి మరమ్మతుకు వ్యవధి ఇస్తుంది. బాగుపడదనుకుంటే తనంతట తానే చచ్చేలా చేస్తుంది. తమరు ఆ కబురునే అడ్డుకుంటారు. పీ53 ఆలస్యంగా, అరకొరగా మేలుకుంటుంది. ఈలోగా కణం తెగిన డీఎన్‌ఏకే నకలు తీసుకుంటూ పోయి, విభజనలో క్రోమోజోములు చిందరవందరై చస్తుంది. అదీ మామూలు కణం తట్టుకునే మోతాదుకే! 1960లలో లింఫోమాకు రేడియేషన్ ఇచ్చినప్పుడు, మీరు దిగిన పిల్లలకు వైద్యమే ప్రాణం మీదికి తెచ్చింది. 1975లో మాల్కమ్ టేలర్ బృందం రోగుల చర్మం నుంచి తీసిన కణాల్లో ఈ బలహీనతను రుజువు చేసింది.

పోనీ చంపడమే మీ పద్ధతి అనుకుందామా అంటే, దానికీ నిలకడ లేదు. ఏటీఎం లేని పసి ఎలుకలకు రేడియేషన్ ఇచ్చి 1998లో చూస్తే, ఎదిగే మెదడులో చావాల్సిన నాడీకణాలు చావనే లేదు. చావాల్సినవాటిని చావనివ్వరు, బతకాల్సినవాటిని బతకనివ్వరు. రక్తకణాల్లో తెగిన క్రోమోజోములు తప్పుగా అతుక్కుని మిగిలితే లుకేమియా, లింఫోమాలకు దారి తీస్తాయి. ఇక ఏ కిరణమూ తగలకుండానే చిన్నమెదడులోని పర్కింజీ కణాలను ఎందుకు రాలుస్తున్నారో, శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మీకైనా తెలుసా?

1995లో యోసెఫ్ షిలో బృందం మీ చిరునామా పట్టుకుంది. ఖాళీ చేయించే మందు మాత్రం నేటికీ రాలేదు. కాబట్టి తమరిని బతిమాలడం మానేసి, ఈ ఉత్తరం నకలు స్కానింగ్ గదుల వారికి పంపుతున్నాను: అయ్యా, ఈ జబ్బున్న పిల్లలకు ఎక్స్‌రే, సీటీ తప్పనిసరైతేనే తీయండి. అల్ట్రాసౌండ్‌తోనో ఎంఆర్‌ఐతోనో పని జరుగుతుందేమో ముందు చూడండి. క్యాన్సర్ వస్తే, రేడియేషన్ మోతాదు రాసేముందు ఈ జబ్బు పేరు గుర్తు చేసుకోండి.

ఇట్లు,
పిల్లవాడి మేనమామ