శూన్యమాసంలో శ్రీకారం

జనవరి ఒకటో తారీఖు ముహూర్తం మా పురోహితుడుగారి చేతిలో ఉంటే చచ్చినా పెట్టేవారు కాదు. నిండు ధనుర్మాసం. పెళ్లి మాటెత్తితే ‘సంక్రాంతి పోనివ్వండి’ అంటారు. గృహప్రవేశమంటే గుమ్మం అవతలే ఆపేస్తారు. అలాంటి నెలలో, అదీ అర్ధరాత్రి పన్నెండు గంటలకి, కేకు కోసుకుని ‘రేపట్నుంచి తీపి ముట్టను’ అని సంకల్పం చెప్పుకుంటే అది ఎక్కడ నిలబడుతుంది? ఆ మాట అన్నప్పుడు నోట్లో ఉన్నది కేకేనాయె.

ఈ ముహూర్తం ఖాయం చేసిన పెద్దమనిషి జూలియస్ సీజరు. క్రీస్తుపూర్వం 45లో జనవరి ఒకటిన తన కొత్త క్యాలెండరును అమల్లో పెట్టాడు. మరుసటి ఏడు మార్చి 15న కత్తిపోట్లకు పోయాడు. పెట్టినవాడికే రెండో ఏడు మార్చి దాటలేదు, ముహూర్తబలం అలాంటిది. ఇక ఫిబ్రవరిలో జిమ్ము మానేసినవాణ్ణి పట్టుకుని ఆడిపోసుకోవడం ఎందుకు?

అసలు ఈ కొత్త ఏడాది తీర్మానాలు సంక్రాంతి లేని దేశాల వాళ్లు కనిపెట్టినవని నా గట్టి అనుమానం. మనకి జనవరి ఒకటిన పొద్దున్నే గుళ్లో చక్కెర పొంగలి, దద్ధ్యోదనం. ప్రసాదం వద్దంటే కళ్లు పోతాయి. పక్షం తిరక్కుండా భోగి. అప్పటికే వంటింట్లో అరిసెల పాకం పట్టి ఉంటుంది. మా అమ్మ అరిసెను నూనెలోంచి తీసి, రెండు చెక్కల మధ్య పెట్టి, తన బలమంతా వేసి నొక్కుతుంది. బంగారు రంగు నూనె బొట్లుబొట్లుగా గిన్నెలోకి జారుతుంది. ‘చూశావా, నూనంతా పిండేశాను. ఇంకేముందిరా అందులో, తినవేం?’ అంటుంది. ఏ డాక్టరూ ఇంత ప్రత్యక్ష ప్రమాణం చూపించి మాట్లాడడు.

పోనీ తిన్నది అరగడానికి నడుద్దామంటే కనుమ వచ్చి కూర్చుంటుంది. కనుమ నాడు కాకైనా కదలదని సామెత. రెక్కలున్న కాకికే లేని ప్రయాణం మోకాళ్ల నొప్పులవాడికి ఎందుకు? పైగా ఆ రోజు మినుములు తినాలన్నారు. మినుములు అన్నారు కదా అని ఎవరూ మినుములు తినరు, గారెలు తింటారు. వాకింగు ఎగ్గొట్టదలచినవాడికి ఇంతకన్నా శాస్త్రసమ్మతమైన సెలవు చీటీ ఇంకోటి దొరకదు.

మా బావమరిదికి ఈ వాదనలు ఎక్కవు. హైదరాబాదులో ఏదో కంపెనీలో పెద్ద ఉద్యోగం. ఏం చేస్తాడని అడిగితే మా అత్తగారు ‘ప్లానింగు’ అంటారు. దేనికి ప్లానింగో ఆవిడకీ తెలీదు. ఈ పండక్కి విజయవాడ వచ్చి, భోగినాడు పొద్దున్నే, తలంటి నూనె ఇంకా నా చెవుల్లోనే ఉండగా, లాప్‌టాప్ తెరిచి ఎదురుగా కూర్చున్నాడు.

‘బావగారూ, మీ కలలేమిటో చెప్పండి.’

‘నిన్న రాత్రి కరెంటు పోయినట్టు వచ్చిందోయ్.’

‘అవి కాదండీ. జీవితంలో ఏం సాధించాలనుకుంటున్నారు?’

మంట చుట్టూ తిరిగొచ్చి కూర్చున్న మనిషిని అడగదగ్గ ప్రశ్నేనా? అయినా అల్లుడి హోదాలో ఉన్నవాణ్ణి, తేలిపోకూడదు. నవల ఒకటి రాయాలన్నాను. పొట్ట తగ్గాలన్నాను. పై వాటా పూర్తి చేయాలన్నాను. అమ్మని కాశీ తీసుకెళ్లాలన్నాను. అతను టకటకా కొట్టి, ‘ఇవన్నీ కలలే. వీటిని స్మార్ట్ చేయాలి’ అన్నాడు.

స్మార్ట్ అంటే ఫోను కాదట. 1981లో జార్జి డోరన్ అనే అమెరికా ఆయన ఒక మేనేజిమెంటు పత్రికలో రాసిన సూత్రం. లక్ష్యం అన్నాక స్పష్టంగా ఉండాలి, కొలవడానికి వీలుండాలి, ఫలానా వాళ్లకి అప్పగించగలగాలి, సాధ్యమయ్యేదై ఉండాలి, గడువుండాలి. ఆ మూడోదాన్ని తర్వాతివాళ్లు మార్చేసి ‘సాధించదగ్గది’ అని పెట్టుకున్నారు. నాకు మాత్రం డోరన్ గారు మొదట రాసిందే నచ్చింది. ఎంత అనుభవం ఉంటే లక్ష్యాల్లో ఇంకొకరికి అప్పగించడం అనే అంశాన్ని పెడతాడు! ఈ లెక్కన పొట్ట ఒక్కటీ నాకుంచుకుని మిగతావి పంచేయొచ్చు కదా అని గొంతు తగ్గించి అంటుండగానే, ‘ఆ అప్పగింతలేవో ఇక్కడికి వినపడుతున్నాయి’ అంది మా ఆవిడ వంటింట్లోంచి.

కొలవడం దగ్గర మాత్రం అమెరికావాళ్లు మనకి పాఠాలు చెప్పనక్కర్లేదు. ఉగాదినాడు పంచాంగం విప్పితే ఏముంటుంది? ప్రతి రాశికీ ఆదాయం ఇంత, వ్యయం ఇంత, రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత. ఏడాదికి పడబోయే అవమానాన్ని కూడా ముందే అంకెవేసి చేతిలో పెట్టిన జాతి మనది. ఏ కంపెనీవాడైనా ఇంత ధైర్యంగా వార్షిక నివేదిక వేస్తాడా? అదే మాట మా బావమరిదితో అని, పోనీ ఇవన్నీ ఉగాదికి మొదలుపెడదాం, అది మన కొత్త సంవత్సరం కూడాను అన్నాను. అతను ఫోనులో చూసి, మార్చి 19న వచ్చేది పరాభవ నామ సంవత్సరం అన్నాడు. ఆ పేరు చెప్పుకుని పొట్ట తగ్గుతానని సంకల్పం ఎవడు చేస్తాడు? వెనక్కి తగ్గాను.

గడువు దగ్గరికొచ్చేసరికి మాత్రం నాకు నవ్వాగలేదు. పై వాటాకి అతను నాలుగు నెలలు వేశాడు. శ్లాబు, ప్లాస్టరింగు, కరెంటు, రంగులు, ఒక్కోదానికి ఒక్కో రంగు గడి. మా మేస్త్రి కూడా ఇలాగే వేశాడు, రంగు గడులు లేకుండా. ‘దసరాకల్లా తాళం మీ చేతిలో పెడతానండీ’ అన్నాడు. ఏ దసరా అని నేను అడగలేదు, అతను చెప్పలేదు. మాట తప్పాడని అనడానికి ఇప్పటికీ వీల్లేదు.

ఈ జబ్బుకి డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే పేరు పెట్టారు. ఎంత అనుభవం ఉన్నా, ఎన్నిసార్లు దెబ్బతిన్నా, మనిషి తన పని తొందరగా అయిపోతుందనే లెక్క వేసుకుంటాడన్నది సారాంశం. కానెమన్ తానే ఇందులో పడ్డాడు. ఇజ్రాయెల్‌లో హైస్కూలు పిల్లల కోసం ఒక పాఠ్యపుస్తకం తయారుచేసే బృందంలో ఆయన ఉన్నాడు. ఎన్నాళ్లు పడుతుందని అందర్నీ అడిగితే అటూఇటూగా రెండేళ్లన్నారు. ఎనిమిదేళ్లు పట్టింది. తీరా పూర్తయ్యాక దాన్ని ఎవరూ వాడలేదు. ఇంతకీ ఆ పుస్తకం దేని గురించయ్యా అంటే, సరైన నిర్ణయాలు తీసుకోవడం ఎలాగ అని! ఆయనకి 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మా మేస్త్రికి రావలసిన వాటా గురించి ఎవరూ మాట్లాడరు.

‘సరే, నవల పక్కన పెట్టండి. ముందు రోజుకి పదివేల అడుగులు. ఇరవై ఒక్క రోజులు చేస్తే అదే అలవాటైపోతుంది’ అన్నాడు బావమరిది, తన చేతి వాచీ తీసి నాకు పెడుతూ.

ఈ పదివేలు ఏ ఆయుర్వేదమో, ఏ పెద్దాసుపత్రో చెప్పిన లెక్క అనుకునేరు. 1965లో జపాన్‌లో యమాసా అనే కంపెనీ నడుముకి తగిలించుకునే అడుగుల మీటరు అమ్మకానికి పెట్టి, దానికి ‘పదివేల అడుగుల మీటరు’ అని పేరు పెట్టింది. పేరులో గుండ్రటి అంకె బాగుందని జనం పట్టుకున్నారు. ఇరవై ఒక్క రోజుల సంగతీ అంతే. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జను 1960లో ఒక పుస్తకం రాస్తూ, ముక్కు సరిచేయించుకున్నవాళ్లకి అద్దంలో కొత్త మొహం అలవాటు కావడానికి కనీసం ఇరవై ఒక్క రోజులు పడుతోందన్నాడు. ఆ ‘కనీసం’ దారిలో ఎక్కడో జారిపోయింది. ముక్కు కథ మోకాళ్లకి చుట్టుకుంది. తర్వాత లండన్‌లో 96 మంది మీద పరిశోధన చేసి చూస్తే, అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులని తేలింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. జనవరి ఒకటిన తీపి మానేసిన 254 రోజుల రకం మనిషికి సెప్టెంబరు 11కి గానీ నిగ్రహం కుదరదు. సరిగ్గా వినాయకచవితి ముంగిట్లో.

వాచీ పెట్టుకుని ఏలూరు కాలువ గట్టు మీద నడిచాను. గట్టు మీద నాలాంటి కొత్త సంవత్సరపు జీవులు చాలామందే ఉన్నారు. కొత్త బూట్లను బట్టి తెలిసిపోతారు. కాలువ వెంబడే పోతే ఆరోగ్యం, పక్కకి తిరిగితే గాంధీనగరు, అందులో బాబాయి హోటలు, అక్కడ వెన్న వేసిన ఇడ్లీ. విజయవాడలో ఏ ఆరోగ్యయాత్ర అయినా చివరికి అక్కడే తేలుతుంది. ఇంటికొచ్చి వాచీ మా ఆవిడకిచ్చాను. ఆవిడ అది పెట్టుకుని అరిసెల పిండి జల్లించింది. కాలు కదపకుండా ఆవిడ ఖాతాలో పడిన అడుగులు చూసి బావమరిది వాచీ వెనక్కి తీసేసుకున్నాడు.

ఇక డైరీ మిగిలింది. కలలు కాగితం మీద పెడితే సగం నెరవేరినట్టేనట. మా ఇంటికి ఏటా ఒక బీమా ఏజెంటు డైరీ, ఒక బ్యాంకు డైరీ, మా తమ్ముడి ఎరువుల కొట్టు తరఫున ఒక పురుగుమందుల కంపెనీ డైరీ వస్తాయి. పేరు, బ్లడ్ గ్రూపు, పాన్ నంబరు, చెప్పుల సైజు రాయమనే మొదటి పేజీని నింపని తెలుగువాడు లేడు. రెండో పేజీ దాటినవాడు నాకు తారసపడలేదు. నాకు పురుగుమందుల డైరీ దక్కింది. నవల మొదటి అధ్యాయం ప్రణాళిక రాసుకున్న పేజీకి ఎదురుగా సుడిదోమ రంగుల బొమ్మ, నివారణ మార్గాలు. నా కథానాయకుడి కన్నా దానికే వ్యక్తిత్వం ఎక్కువగా ఉంది.

బ్యాంకు డైరీ మాత్రం మా అమ్మది. అందులో లక్ష్యాలుండవు, కలలుండవు. పాల లెక్క. ప్రతి తారీఖు కింద ‘1 లీ.’ లేకపోతే ‘1½ లీ.’ పాలవాడు రాని రోజున ‘నాగా’. మూలగా ఇస్త్రీకి వేసిన బట్టలు, గ్యాసుబండ వచ్చిన రోజు. బావమరిది దాన్ని తిరగేస్తూ ఉండిపోయాడు. ఒక్క తారీఖు ఖాళీగా లేదు. ఆ పక్కన బీరువాలో ఉన్న పాత డైరీలు కూడా దించి చూశాడు. వాటిలోనూ లేదు. అతని కంపెనీలో ఇలాంటి రికార్డు ఎవరికీ ఉండదనుకుంటాను.

‘ఎలా కుదిరిందండీ మీకు, ఒక్కరోజు తప్పకుండా?’ అనడిగాడు.

‘కుదరడానికేముంది నాయనా? పాలు పోయించుకుని గిన్నె పొయ్యి మీద పెడతాను. పక్కన నిలబడాలి కదా, పొంగేలోపు రాసేస్తాను.’

అతని మొహం వెలిగిపోయింది. ‘అత్తయ్యగారూ, పీటర్ గోల్విట్జర్ అని ఒక ప్రొఫెసరు 1999లో చెప్పింది ఇదేనండీ! ఉత్తినే చేస్తాను అనుకోకూడదు, ఫలానాది జరగ్గానే ఫలానాది చేస్తాను అనుకోవాలి. మీరు చేసేదాన్ని ఏమంటారో తెలుసా?’

‘పాలు పొంగకుండా చూసుకోవడం అంటారు’ అంది అమ్మ.

ఆ పూటే నా నవల పాలగిన్నెకి ముడిపడింది. పొయ్యి మీద గిన్నె ఎక్కగానే నేను వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాయాలి, పొంగు రాగానే ఆపేయాలి. ఎన్ని వాక్యాలు అనేది గేదె చిక్కదనాన్ని బట్టి. బావమరిది రంగు గడుల పట్టిక మూసేసి, ‘ఇది జరిగే పని’ అని నా భుజం తట్టి హైదరాబాదు బస్సెక్కాడు. అమ్మ పాల లెక్క పక్కన ఇంకో గీత గీసి, పైన ‘న’ అని రాసింది.

మొదటి పూట కథానాయిక తెనాలి స్టేషన్లో రైలు దిగబోతుండగా పాలు పొంగాయి. ఒక కాలు ప్లాట్‌ఫారం మీద, ఒక కాలు బోగీలో. అంత ఉత్కంఠ దగ్గర ఆపడం మంచి శిల్పమే అనిపించి, దాన్ని చెడగొట్టడం ఇష్టంలేక మర్నాడు తొందరపడలేదు. ఆ మర్నాడు పేపరు వచ్చింది. తర్వాత మా ఆవిడ పాలు చిన్న మంట మీద పెట్టి నాకు ఎక్కువ సమయం ఇప్పించింది, దాంతో ఆలోచనకి ఎక్కువ వీలు చిక్కింది. ఆలోచించేటప్పుడు రాయలేం కదా.

నెలాఖరున పాలవాడొచ్చాడు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, డైరీ ఒళ్లో పెట్టుకుని, వేలు కిందికి జరుపుతూ అతని నాగాలు లెక్కేసి, అంతమేరకు కోసి, మిగతా డబ్బులు చేతిలో పెట్టింది. అతను నోరెత్తలేదు. అమ్మ లెక్కకి తిరుగులేదని అతనికి తెలుసు. తర్వాత ఆ వేలు పక్క గీత మీదికి వచ్చింది. పైనుంచి కింది దాకా మెల్లగా జరిగింది.

‘ఒరే, వీటికి దేంట్లో కొయ్యమంటావు?’ అంది. ‘కాఫీలోనా?’