‘మా ఊరు’ – టీకా తాత్పర్య సహితం

అవతారిక

కడప సీమకు టీకలు కొత్త కాదు. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన బ్రౌను దొర సొంత జీతంలోంచి పండితులను పెట్టుకొని తాళపత్రాలు సరిచూపించినాడు. ఆయన కోసమే జూలూరి అప్పయ్య మనుచరిత్రకు, వసుచరిత్రకు వ్యాఖ్యానాలు రాసినాడు. అయితే ఆ రోజుల్లో టీక అక్కరపడింది పెద్ద కావ్యాలకు. డిగ్రీ పిల్లోడి అసైన్‌మెంటుకు టీక ఎందుకని అడగవచ్చు. పెద్దన పద్యానికి అర్థం ఉందని అందరికీ తెలుసు, వెతికితే దొరుకుతుంది. ఈ వ్యాసంలో అర్థం ఉందా లేదా అన్నదే సందేహం కాబట్టి, టీక దీనికే ఎక్కువ అవసరం.

యోగి వేమన విశ్వవిద్యాలయం కాలేజీల్లో 2020-21లో వచ్చిన సిలబసు ప్రకారం మూడో సెమిస్టరు తెలుగు పేపరు పేరు ‘సృజనాత్మక రచన’. అంతదాకా గైడు చూసి బట్టీపట్టి దించిన వాళ్లకు ఉన్నట్టుండి ‘సొంతంగా రాయండి’ అని ఆజ్ఞ అయింది. సొంతంగా అంటే యాడనుంచి సార్ అని అడిగినవాళ్లూ ఉన్నారు. మన గ్రంథకర్త పులివెందుల దిక్కు పల్లెవాడు, ప్రొద్దుటూరు హాస్టల్లో ఉంటాడు. వ్యాసం రాయడమే గాక, అది ఎట్లా రూపు కట్టిందో చివర ఒక పేజీ విచారణ కూడా జోడించాలి. ఆ పేజీ సంగతి తర్వాత వస్తుంది.

వ్యాఖ్యాతల్లో శిరోమణి మల్లినాథసూరి మన మెదకు సీమవాడే. ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది పలకనని ఒట్టు పెట్టుకొని కాళిదాసును వ్యాఖ్యానించినాడు. ఆ ఒట్టు వ్యాఖ్యాతకే గాని మూలకర్తకు లేదని మన గ్రంథకర్త పక్షం.

మూలం

“మా ఊరి గొప్పతనం గురించి ఎంత చెప్పినా తక్కువే. పవిత్ర పెన్నానది ఒడ్డున వెలసిన మా ఊరు పులివెందుల నేడు అన్ని రంగాలలో అభివృద్ధి పథంలో దూసుకుపోతున్నది.”

ప్రతిపదార్థం

మా ఊరి = పల్లె పేరు రాస్తే సారుకు తెలియదేమోనని తాలూకా కేంద్రాన్నే సొంతం చేసుకొన్న ఊరి యొక్క; గొప్పతనం గురించి = ఎవరూ అడగని విషయమును గూర్చి; ఎంత చెప్పినా = ఇంకా ఏమీ చెప్పకమునుపే; తక్కువే = పేజీలు తక్కువే, ఏవకారముచేత మార్కులును తక్కువే యని భయము; అన్ని రంగాలలో = ఏ రంగమో తోచనందున; దూసుకుపోతున్నది = ‘ఎటు’ అనునది అధ్యాహార్యము.

పాఠాంతరాలు

ఈ గ్రంథానికి మూడు ప్రతులు దొరికాయి: ప్రొద్దుటూరు ప్రతి, జమ్మలమడుగు ప్రతి, పులివెందుల ప్రతి. మూడూ ఒకే హాస్టలు గదిలో, ఒకే రాత్రి పుట్టినవి. ప్రొద్దుటూరు ప్రతిలో “పసిడి పట్టణంగా పేరొందిన” అన్న విశేషణం అదనం. తక్కిన పాఠం అక్షరం పొల్లుపోకుండా ఒకటే. మరి ఏది తల్లి ప్రతి? పెన్న ప్రొద్దుటూరు పక్కన పారుతుంది, జమ్మలమడుగు పక్కనా పారుతుంది. కాబట్టి నదిని బట్టి ఆ రెంటిలో పెద్దదేదో తేల్చలేం. కానీ మూడు ప్రతుల్లోనూ “మా ఊరికి కూతవేటు దూరంలో గండికోట కలదు” అని ఉంది. జమ్మలమడుగు నుంచి గండికోట 15 కిలోమీటర్లు. కూత ఎంత పెద్దదైనా అంతదూరం పోదు గాని, తక్కిన రెండు ఊళ్ల కంటే అదే దగ్గర. అందుచేత జమ్మలమడుగు ప్రతి తల్లి, ప్రొద్దుటూరు ప్రతి బిడ్డ. పులివెందుల ప్రతి విషయంలో వాదమే లేదు. లేఖకుడు ఊరి పేరు మార్చినాడు, నది పేరు మార్చడం మరిచినాడు.

ఆక్షేపం, సమాధానం

ఆక్షేపించినవారు లెక్చరరు గారు. “ఏం రా, పులివెందుల్లో పెన్న యాడుంది?”

గ్రంథకర్త సమాధానం: “మా దిక్కు చిత్రావతి ఉంది గదా సార్. అది పొయ్యి పెన్నలోనే కలుస్తాది.”

ఈ జవాబును తేలిగ్గా కొట్టేయలేం. గంగలో గొల్లపల్లె అంటే గంగ ఒడ్డున పల్లె అని అర్థం చెప్పుకోమన్నారు అలంకారశాస్త్రం వాళ్లు. దాన్నే లక్షణ అన్నారు. నదిలో ఉన్నదాన్ని ఒడ్డుకు జరపడం న్యాయమైతే, ఉపనది దిక్కున ఉన్నదాన్ని నది ఒడ్డుకు జరపడం ఎట్లా అన్యాయం? పాపాఘ్నినీ సాక్ష్యానికి పిలవవచ్చు, అదీ పెన్నలో కలిసేదే. లెక్చరరు గారు కాసేపు తల గీరుకొని, ఎర్రపెన్నుతో ‘పెన్నానది’ కింద గీత గీసి వదిలేసినారు.

మూలం

“మా ఊరి ప్రజలు కులమత భేదాలు లేకుండా కలిసిమెలిసి జీవిస్తారు.”

మూడు ప్రతుల్లోనూ ఈ వాక్యానికి పాఠభేదం లేదు. అది నిజమనడానికి ఇదే ప్రమాణమని విద్యార్థుల పక్షం. దించినారనడానికి ఇదే ప్రమాణమని లెక్చరరు పక్షం. వ్యాఖ్యాత ఈ సీమలోనే బతకాల్సినవాడు గనుక ముందుకు సాగుతాడు.

విశేషాంశం

వ్యాసం పొడుగైతే మార్కులు పెరుగుతాయన్న సిద్ధాంతం మీద లెక్చరరు గారు తరగతిలో ఒక కథ చెప్పినారు. పుట్టపర్తి నారాయణాచార్యులు చిన్నతనంలోనే ‘పెనుగొండలక్ష్మి’ రాసినాడు. తర్వాత విద్వాన్ పరీక్షకు పోతే తన పుస్తకమే తనకు పాఠ్యగ్రంథం. దాని మీద ఒక్క ప్రశ్నకు జవాబు మొదలుపెట్టి ఎంతకూ ఆపక, తక్కిన ప్రశ్నలకు టైము చాలక ఆ పరీక్ష తప్పినాడని ప్రొద్దుటూరులో ఇప్పటికీ చెప్పుకుంటారు. అగస్త్యేశ్వరుడి గుడిలో ప్రదక్షిణలు చేస్తూ ‘శివతాండవం’ కట్టిన ఊరు ఇదే కాబట్టి, ఆయన కథలకు ఇక్కడ కొదవలేదు. పేజీలు నింపితే మార్కులు రావని చెప్పడం సారు ఉద్దేశం. గ్రంథకర్త తీసిన సారాంశం వేరు: “సొంత పుస్తకం మీదనే తప్పినాడంటే గైడే మేలు గదా సార్.”

సారు రెండో అస్త్రం తీసినారు. దొరికినంతలో తొలి తెలుగు శాసనం ఈ పక్కనే, ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో ఉంది. క్రీస్తుశకం 575 ప్రాంతంది. రేనాటి చోళుడు ఎరికల్ ముతురాజు ధనంజయుడి పేరుతో నేరుగా మొదలవుతుంది. ఉపోద్ఘాతం లేదు, ‘ఎంత చెప్పినా తక్కువే’ లేదు. రాతిమీద చెక్కే మనిషి ఒక్కో అక్షరానికి ఒళ్లు వంచాలి మరి. కాగితం మీద ఆ కష్టం లేకపోవడమే ఈ వ్యాసానికి పట్టిన తెగులని వ్యాఖ్యాత అభిప్రాయం.

మూలం, గ్రంథకర్త తిరగరాసిన రెండో ప్రతి

“మా ఊరిలో చీనీ తోటలు ఎక్కువ. చీనీ పండులో సి విటమిన్ ఉంటుంది. ఇది ఆరోగ్యానికి ఎంతో మేలు చేస్తుంది.”

నదిని వదిలి తోటకు వచ్చినాడు, మంచిదే. రెండో వాక్యానికే తోట ఆరో తరగతి సైన్సు పుస్తకమైంది. అంచున సారు రాసింది: ‘విటమిన్ నీకు ఎవరు చూపించినారు? నీ కంటికి కనపడింది రాయి.’

మూలం, మూడో ప్రతి

“బోరు ఎండిపోయిన యేడు మా నాయన చీనీ చెట్లకు ట్యాంకరు తోలిపించినాడు. ట్యాంకరు వెనక వాల్వు కారతాంటే మా అమ్మ దాని కింద తపేలా పెట్టింది.”

ప్రతిపదార్థం: తపేలా = తపేలా. ధ్వని లేదు, లక్షణ లేదు, అధ్యాహారం చేయడానికి సందు లేదు. ఇటువంటి చోట పాత వ్యాఖ్యాతలు ‘స్పష్టము’ అని ఒక్క మాట రాసి పక్క పద్యానికి పోయేవారు. మేమూ అదే రాస్తున్నాం: స్పష్టము.

ఇప్పుడు ఆ విచారణ పేజీ. గ్రంథకర్త రాసుకొన్నది ఇది: “మొదటి వ్యాసం గంటలో అయింది సార్. ఈ రెండు వాక్యాలకే రాత్రంతా పట్టింది. రాసేదానికి ఏమీ లేక కాదు. మా ఇంట్లో జరిగిన దానికి మార్కులు ఎవరిస్తారని.” మొత్తం గ్రంథంలో వ్యాఖ్యాత ఆగి చదివింది దీన్నే. పిల్లోడికి మాటలు రాక పెన్న ఒడ్డుకు పోలేదు. తనకు బాగా తెలిసినవేవీ వ్యాసానికి పనికిరావని పదేళ్లుగా బళ్లో నేర్చుకొన్నాడు. దసరా మీద రాయమంటే రావణుడి గురించి రాసినాడు. తమ వీధిలో పందిరి ఎవరు వేసినారో రాయలేదు. వాన మీద రాయమంటే రైతే దేశానికి వెన్నెముక అని రాసినాడు. ఆ వెన్నెముక గలాయన ఇంట్లో మంచం మీద కూర్చొని బోరు మెకానిక్కుకు ఫోను చేస్తూంటే, దాన్ని దాటుకొని పోయి రాసినాడు.

తపేలా వాక్యం పక్కన ఎర్రసిరాతో ఒకే ప్రశ్న: ‘నీళ్లు అన్ని చెట్లకూ సరిపోయినాయా?’

జవాబు మరునాటి ప్రతిలో ఉంది: “సరిపోలే సార్. రోడ్డు పక్క సాళ్లకు పోసి లోపలి సాళ్లు వదిలేసినాం. రోడ్డు పక్కవి ఎండితే ఊరంతా చూస్తాదని మా నాయన.” దీనికి టీక రాయాలని మొదట అనుకొన్నాం. ‘ఊరంతా’ అన్న మాటకే రెండు పేజీలు అవుతాయి. మానుకొన్నాం.

పాఠాంతరాలు, అనుబంధం

మూడో ప్రతికి మంచి మార్కులు పడ్డాయన్న వార్త హాస్టల్లో పొక్కింది. తర్వాతి వారం దొరికిన ప్రొద్దుటూరు ప్రతిలో బంగారు అంగడి వాళ్ల పిల్లోడు తమ చీనీ తోటకు ట్యాంకరు తోలిపించినాడు. వాల్వు కారింది, తపేలా పెట్టినారు. లెక్చరరు గారు అక్కడా అదే ప్రశ్న వేసినారు: ‘నీళ్లు అన్ని చెట్లకూ సరిపోయినాయా?’

ఆ ప్రతిలో జవాబు: “సరిపోయినాయి సార్.”